యాభై ఆరు రేసులు, సున్నా పాయింట్లు

ఆదోని యార్డులో వేలం పాడిన పత్తిలో కొంత ఏటా లారీలెక్కి తమిళనాడు మిల్లులకు పోతుంది. అటునుంచి ఇటు వచ్చేవి మోటార్లు. జొన్నగిరి, తుగ్గలి, పత్తికొండ పొలాల్లో బోర్లలోకి దింపే మోటార్ల మీద కంపెనీ పేర్లు రకరకాలుగా ఉంటాయి గానీ, చాలావాటి మీద చిన్న అక్షరాల్లో ఉండే ఊరి పేరు మాత్రం కోయంబత్తూరే. అక్కడ మిల్లులు పెట్టిన కుటుంబాల్లో చాలావాటి ఇంటి భాష తెలుగు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలిన నాయుళ్లు కొంగునాడు నల్లరేగళ్లలో పత్తి వేశారు. తర్వాత ఆ పత్తిని వడికే మిల్లులు పెట్టారు. మిల్లుల్లో యంత్రాలు చెడితే బాగుచేయడానికి వర్క్‌షాపులు పెట్టారు. మన దేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరు నరేన్ కార్తికేయన్ ఆ వర్క్‌షాపుల ఊరివాడే.

2011 మార్చి 26, శనివారం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీకి అర్హత పోటీ. నరేన్ ఎక్కిన కారు పేరు ఎఫ్111. స్పెయిన్‌కు చెందిన హెచ్ఆర్‌టీ అనే చిన్న జట్టు కట్టింది. సీజన్‌కు ముందు జట్లన్నీ వారాల తరబడి ట్రాకుల మీద పరీక్షలు చేసుకుంటుంటే, ఈ కారు మాత్రం షాక్ అబ్జార్బర్లు కస్టమ్స్‌లో చిక్కుకుని ఒక్క ల్యాపైనా తిరగకుండా నిలిచిపోయింది. కొత్త ముందు రెక్క ఢీకొట్టే పరీక్షలో తప్పింది, అందుకని నిరుటి కారు రెక్కనే తగిలించారు. శుక్రవారమంతా నరేన్ గ్యారేజీలో నిలబడి మెకానిక్కులు తన కారును బిగించడం చూస్తూ గడిపాడు.

ఆ ఏడాది ఒక పాత నిబంధనను మళ్లీ తెచ్చారు. అర్హత పోటీ తొలి అంచెలో అందరికన్నా వేగమైన కారు తీసుకున్న సమయంలో 107 శాతం లోపు ల్యాపు పూర్తి చేయలేని కారును రేసులోకి రానివ్వరు. ట్రాకు మీద మిగతావాళ్లకు అడ్డమై ప్రమాదం తెచ్చిపెట్టే కార్లను ఆపడానికి పెట్టిన గీత అది. హెచ్ఆర్‌టీ కార్లు రెండూ గీత దాటలేదు. నరేన్ కారు ఆ రోజు పోల్ సాధించిన సెబాస్టియన్ వెటెల్ కారుకు పది సెకన్లకు పైగా వెనక ఉంది. ఫార్ములా వన్‌లో సెకనులో పదో వంతు కోసం ఇంజనీర్లు నిద్ర మానుకుంటారు. పది సెకన్లంటే అది వేరే ఆట. అధికారులు మినహాయింపు ఇవ్వలేదు. ఆదివారం రేసు మొదలయ్యే వేళకు ఆ కార్లు గ్యారేజీలోనే ఉన్నాయి.

ఇలాంటి కారు అక్కడి దాకా ఎలా వచ్చింది?

2009లో అంతర్జాతీయ మోటార్ సమాఖ్య అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ ఒక మాట ఇచ్చాడు. జట్టు ఏడాదికి 4 కోట్ల పౌండ్లకు మించి ఖర్చు పెట్టకుండా గీత గీస్తామనీ, చిన్నవాళ్లు ధైర్యంగా రావచ్చనీ. ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో పెద్ద కార్ల కంపెనీలు ఒక్కొక్కటే చేతులెత్తేస్తున్న రోజులవి. ఆ మాట నమ్మి దరఖాస్తు పెట్టినవాళ్లలో స్పెయిన్ మాజీ డ్రైవరు ఆడ్రియన్ కాంపోస్ ఒకడు. 1987, 88ల్లో మినార్డీ అనే చిన్న జట్టుకే నడిపినవాడు కాబట్టి చిన్న జట్టు కష్టం ఎలా ఉంటుందో తెలియనివాడు కాదు. సొంత కర్మాగారం కట్టే బదులు ఇటలీలోని డల్లారా కంపెనీకి చట్రం అప్పగించి, ఇంజిను కాస్‌వర్త్ దగ్గర కొనుక్కుంటే సరిపోతుందని లెక్క వేసుకున్నాడు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. అయితే పెద్ద జట్లు ఖర్చు మీద గీతకు ఒప్పుకోలేదు. గీత పోయింది, లెక్క మిగిలింది. 2010 ఫిబ్రవరికి డల్లారాకు కట్టాల్సిన సొమ్ము లేక పని నడవడం కష్టమైంది. అప్పుడు ముర్సియాకు చెందిన వ్యాపారి హోసే రామోన్ కరబాంటే జట్టును కొనేసి, హెచ్ఆర్‌టీగా మార్చి, నడిపే బాధ్యత కొలిన్ కొలెస్‌కు అప్పగించాడు. చదువుకు కొలెస్ పళ్ల డాక్టరు. 2005లో నరేన్ జోర్డన్ జట్టుకు నడిపినప్పుడు అక్కడ పెత్తనం చేసినవాడూ ఆయనే.

మార్చి 4న ముర్సియాలో కారును జనానికి చూపించారు. పది రోజులకే బహ్రెయిన్‌లో రేసు. డ్రైవర్లు ఇద్దరు: అయర్టన్ సెన్నా మేనల్లుడు బ్రూనో, మద్రాసు కుర్రాడు కరుణ్ చాంధోక్. చాంధోక్ కారు ఎడారిలోని గ్యారేజీలో ఇంకా ముక్కలుగానే ఉంది. శుక్రవారం అయిపోయింది, శనివారం పొద్దుటి సాధన కూడా అయిపోయింది. చివరికి అర్హత పోటీ గంట కొట్టాక ఆ కారు పుట్టిన తర్వాత మొదటిసారి సొంత చక్రాల మీద కదిలింది. ఎక్కడైనా డ్రైవరు కొత్త కారును ముందు ఖాళీ ట్రాకు మీద మెల్లగా నాలుగు చుట్లు తిప్పి, ఎక్కడ నూనె కారుతోందో, ఎక్కడ బోల్టు వదులైందో చూసుకుంటాడు. చాంధోక్ ఆ పని ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా చేశాడు. మర్నాడు రేసులో రెండో ల్యాపులో ఒక మిట్ట మీద ఎగిరి కారు అదుపు తప్పింది. అయినా రెండు వారాలకు ఆస్ట్రేలియాలో అదే కారును చివరి దాకా నడిపి 14వ వాడిగా వచ్చాడు. ఆ జట్టు చూసిన తొలి ముగింపు అది. గెలిచినవాడి కన్నా ఐదు ల్యాపులు వెనక వచ్చినా సరే, ఆ సాయంత్రం ఆ గ్యారేజీలో పండగ చేసుకోవడానికి కారణం ఉంది.

చాంధోక్ తాత ఇందు చాంధోక్ దేశంలో మోటారు పందేలకు పునాది వేసిన తరం మనిషి. ఆ తరం ఆడుకున్న మైదానం షోలవరం. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే ట్రంకు రోడ్డు మీద రెడ్‌హిల్స్ దాటాక, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల పట్టీ ఒకటి ఉండేది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్ని రేసు ట్రాకు చేసుకుంది. మన వాళ్లకు గ్రాండ్ ప్రీ అంటే చాలాకాలం షోలవరమే. ఫిబ్రవరి వచ్చిందంటే మోటారు సైకిళ్లు, ఊడదీసి తేలిక చేసిన ఫియట్లు, హెరాల్డులు, ఎవరో డబ్బున్నవాళ్లు ఓడలో తెప్పించుకున్న విదేశీ రేసు కార్లు అన్నీ అక్కడికి చేరేవి. 1980ల తొలినాళ్లలో విజయ్ మాల్యా అక్కడ ఒక పాత ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు నడిపాడు. ఎన్‌సైన్ కూడా ఇంగ్లండులో మో నన్ నడిపిన చిన్న జట్టే. పదేళ్లు లాక్కొచ్చి 1982తో ఫార్ములా వన్‌లో అంతమైంది. ఇంగ్లండులో పనికిరాదని పక్కన పెట్టిన కారు షోలవరంలో మాత్రం రారాజు.

ఆ కార్లతో పోటీ పడిన కోయంబత్తూరు మనిషి ఎస్. కరివర్ధన్. 1954లో పుట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ ఇంటివాడు. నరేన్‌కు దగ్గరి చుట్టం, కుర్రాడికి ఈ పిచ్చి అంటించినవాళ్లలో ఒకడు. ఇంకొకడు కన్నతండ్రి జి.ఆర్. కార్తికేయన్, దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవాడు.

కోయంబత్తూరులో ఇలాంటి పిచ్చి కొత్తది కాదు. జి.డి. నాయుడు చదువు మానేసిన పల్లెటూరి కుర్రాడిగా ఒక ఇంగ్లీషు అధికారి నడిపే మోటారు సైకిలును చూసి, దాని కోసం హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి 300 రూపాయలకు ఆ బండినే కొన్నాడు. తొక్కడానికి కాదు. నట్టునట్టూ విప్పి, మళ్లీ బిగించి, ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపాడు, 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారుచేశాడు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి కట్టి 2000 రూపాయలకు అమ్ముతానన్నాడు. లైసెన్సు రాలేదు. లైసెన్సు వచ్చి ఉంటే ఏమయ్యేదన్న చర్చ కోయంబత్తూరు పెద్దల దగ్గర ఇప్పటికీ నడుస్తుంది, అందులో తలదూర్చకపోవడమే మేలు. ఈ వ్యాసానికి కావలసింది ఒక్కటే: ఆ ఊళ్లో కారును విప్పి బిగించగల చేతులు, లేతు మిషన్లు, పోత పోసే కొలుములు వీధికొకటి ఉన్నాయి.

కరివర్ధన్ ఆ చేతుల మధ్య పెరిగాడు. రేసులు నడిపాడు, ఒంటి సీటు రేసు కార్లు తానే గీసి తానే కట్టించాడు. షోలవరంలో విదేశీ కార్లతో తలపడినవాడు అంతకన్నా పెద్ద కారు కావాలని కోరుకోవడం సహజం. అతను మాత్రం కిందికి చూశాడు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. నాలుగైదేళ్లలో దాని మెకానిక్కు లేని ఊరు లేదు, దాని స్పేర్లు దొరకని బజారు లేదు. మూడు సిలిండర్ల ఆ 796 సీసీ ఇంజినును ఉక్కు గొట్టాల చట్రంలో డ్రైవరు వీపు వెనక బిగించి, పైన ఫైబర్ గ్లాసు తొడిగి, 1988లో ఫార్ములా మారుతి కారు తెచ్చాడు. దాని పూర్తి పేరు ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజిన్, అందరూ ముద్దుగా ఫిస్మీ అన్నారు. గ్రాండ్ ప్రీ కారు పక్కన పెడితే బొమ్మలా ఉంటుంది. కానీ చెడితే ఆదోనిలో కూడా బాగుచేయించవచ్చు. నరేన్ తొలి రేసు ఈ కారులోనే. అప్పటికి షోలవరం పోయి, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది. మారుతి ఇంజిను కార్లలో చెయ్యి తిరిగినవాళ్లలో కొందరు ఆ తర్వాత విదేశీ ట్రాకుల దాకా వెళ్లారు. కరివర్ధన్ అది ఎక్కువకాలం చూడలేదు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు, నలభై ఒక్కేళ్ల వయసులో. చెట్టిపాళెంలో చిన్న విమానాల పట్టీ ఉన్న చోట 2003లో వెలసిన ట్రాకుకు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు.

కరివర్ధన్ షెడ్డును, హెచ్ఆర్‌టీని పక్కపక్కన పెడితే మధ్యలో ఇంకొక షెడ్డు గుర్తుకు రాక మానదు. లండన్ తూర్పు అంచున చాడ్‌వెల్ హీత్‌లో అద్దెకు తీసుకున్న ఒక చిన్న గ్యారేజీ అది. అందులో పీటర్ కానూ అనే యువకుడు బంధువు బ్యారీ బూర్‌నూ కొందరు స్నేహితులనూ వెంటేసుకుని 1971లో ఒక ఫార్ములా వన్ కారు మొదలుపెట్టాడు. అంతకుముందు జాన్ సర్టీస్ జట్టులో డ్రాయింగులు గీసేవాడు. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజినును డబ్బున్న ఎవరికైనా అమ్మేవారు; గేర్ బాక్సు కూడా బజారులో దొరికేది. కాబట్టి అల్యూమినియం రేకులతో తొట్టిలాంటి చట్రం చేసుకోగలిగితే, లోటస్, మెక్‌లారెన్ వాళ్ల వెనక ఉన్న ఇంజినే మీ వెనకా ఉంటుంది. ఇంగ్లండులో అప్పుడు ఇలా ప్రయత్నించినవాళ్లు డజన్ల కొద్దీ. కానూ కారు సగం అయ్యేసరికి భద్రతా నిబంధనలు మారి మందమైన రేకు వాడాలన్నారు. కట్టిన తొట్టి పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఫ్రాన్సు డ్రైవరు ఫ్రాన్స్వా మిగో కొంత స్పాన్సరు సొమ్ముతో వచ్చాడు. 1972 ఆగస్టు 13న ఆస్ట్రియా గ్రాండ్ ప్రీలో ఆ కారు నిజంగానే బయలుదేరింది. ఇరవై రెండు ల్యాపులు తిరిగాక వెనక సస్పెన్షను విరిగింది. మరి ఏ గ్రాండ్ ప్రీలోనూ అది కనిపించలేదు.

ఒక్క రేసుకే ఇంతా? అని నవ్వడం తేలిక. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాల కోసం గుడారాలు వేసుకునేవాళ్లను చూసినవాళ్లకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. ఎర్రమట్టిలో వంగి వంగి నడుము విరిగిపోతున్నా, పక్కవాడికి దొరికిందన్న కబురు ఒక్కటి చాలు, ఇంకో వారం ఉండిపోతారు. కానూ గ్యారేజీకి ఆ కబురు 1970లో వచ్చింది. ఆ ఏడాది మార్చ్ అనే కొత్త కంపెనీ ఫార్ములా వన్‌లో తన మొదటి సీజన్‌లోనే స్పెయిన్ గ్రాండ్ ప్రీ గెలిచింది, జాకీ స్టీవార్ట్ చేతుల మీదుగా.

నలభై ఏళ్లు గడిచేసరికి ఆ తలుపు మూసుకుంది. కార్బన్ ఫైబర్ చట్రం ఎవరైనా చేయించుకోవచ్చు, హెచ్ఆర్‌టీ చేయించుకుంది కూడా. కాస్‌వర్త్ ఇంజినూ అంతే. కారు కట్టడం ఇప్పటికీ డబ్బుతో కొనగలిగిన పనే. కొనలేనిది రెండో నెల. పెద్ద జట్టు ఒక రేసు నుంచి ఇంకో రేసుకు వచ్చేలోగా గాలి సొరంగంలో రెక్కల రూపం మార్చి, వందలమంది ఇంజనీర్లతో కొత్త భాగాలు తెస్తుంది. హెచ్ఆర్‌టీ 2010 మే నెలలో డల్లారాతో తెగతెంపులు చేసుకుంది; అక్కడి నుంచి ఆ ఏడాది చివరి దాకా దాదాపు అదే కారు. మిగతావాళ్లు ముందుకు జరుగుతుంటే నిలబడ్డవాడు వెనక్కి పోయినట్టే. అయినా ఆ ఏడాది పట్టికలో హెచ్ఆర్‌టీ 11వ స్థానంలో నిలిచి, తనతోపాటే వచ్చిన వర్జిన్‌ను ఒక మెట్టు కింద ఉంచింది. ఇంకో కొత్త జట్టు, అమెరికాలోని యూఎస్ఎఫ్1, ఒక్క రేసుకూ రాకుండానే మూతపడింది.

చాంధోక్‌ను పది రేసుల తర్వాత తప్పించారు. అతని బదులు వచ్చినవాళ్లు వెంట స్పాన్సర్లను తెచ్చేవాళ్లు. ఈ లెక్కలో నరేన్‌కూ చోటు దొరికింది. 2011లో కారు మీద టాటా పేరు ఉంది. జోర్డన్‌లో 2005లో నడిపినప్పుడు ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానం, ఐదు పాయింట్లు తెచ్చుకున్నాడు. మిషెలిన్ టైర్ల కార్లు పద్నాలుగు తప్పుకుని ఆరే పరిగెత్తిన విచిత్రమైన రేసు అది. విచిత్రమైనా పాయింట్లు పాయింట్లే, భారతీయుడికి అవే మొదటివి. ఆరేళ్ల తర్వాత తిరిగి వస్తే దొరికింది హెచ్ఆర్‌టీ. సగం సీజన్‌కు అదీ పోయింది. జులైలో జట్టు థెసాన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ చేతికి మారే రోజుల్లో, రెడ్‌బుల్ తన కుర్రాడు డానియల్ రికియార్డోను నరేన్ సీట్లో కూర్చోబెట్టింది. సిల్వర్‌స్టోన్‌లో రికియార్డో ఫార్ములా వన్ జీవితం అలా మొదలైంది. తర్వాత రెడ్‌బుల్‌లోనే గ్రాండ్ ప్రీలు గెలిచాడు.

అక్టోబరు 30న నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో తొలి భారత గ్రాండ్ ప్రీ. ఆ ఒక్క రేసుకు నరేన్‌ను మళ్లీ పిలిచారు. టికెట్టు కొన్నవాళ్లలో ఎక్కువమంది వెటెల్, ఆలోన్సోల కోసం వచ్చి ఉండొచ్చు. కానీ ఆ ట్రాకు మీద ఆ రోజు ఉన్న భారతీయ డ్రైవరు అతనొక్కడే. 17వ వాడిగా ముగించాడు, రికియార్డో కన్నా ఒక స్థానం ముందు. ఆ వారం హైదరాబాదులో రేసు అభిమానుల మాటల్లో ఇంకో నిట్టూర్పూ వినిపించింది. 2000ల మొదట్లో చంద్రబాబు ప్రభుత్వం ఫార్ములా వన్‌ను హైదరాబాదుకే తెస్తామని చాలా దూరం వెళ్లింది. 2004లో ప్రభుత్వం మారింది, మాట అక్కడే ఆగింది. చివరికి హైదరాబాదు చూసింది 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు. ఆ ఏడాదే మళ్లీ ప్రభుత్వం మారింది, రెండో రేసు రద్దయింది.

2012లో కథ మెల్‌బోర్న్ నుంచే మళ్లీ మొదలైంది. అదే ట్రాకు, అదే 107 శాతం గీత, మళ్లీ రెండు కార్లూ బయటే. మరుసటి వారం మలేసియాలో కుండపోత. అందరూ మధ్యరకం టైర్లతో బయలుదేరితే హెచ్ఆర్‌టీ కార్లు పూర్తి వాన టైర్లతో వచ్చాయి. వాన ముదిరేకొద్దీ మిగతావాళ్లు టైర్లు మార్చడానికి ఒక్కొక్కరే లోపలికి పోయారు, నరేన్ ఆగకుండా పోయాడు. ఎర్ర జెండా ఊపి రేసు ఆపేసరికి అతను పదో స్థానంలో ఉన్నాడు. రేసు మళ్లీ మొదలు కాకుండా ఉండి ఉంటే ఆ జట్టుకు పాయింటు లాంటిది దక్కేదేమో. వాన తగ్గింది, రేసు మొదలైంది, పదోవాడు మళ్లీ చివరికి జారాడు. ఆఖరి ల్యాపుల్లో అతన్ని దాటబోయిన వెటెల్ కారు నరేన్ ముందు రెక్కకు తగిలి టైరు చిరిగి నాలుగో స్థానం పోగొట్టుకుంది. తర్వాత వెటెల్ విలేకరుల దగ్గర దోసకాయల ప్రస్తావన తెచ్చాడు. జర్మన్ల నోట అది చేతకానివాడిని అనే మాట. మనకు పప్పులోకి కూర. శిక్ష మాత్రం నరేన్‌కే పడింది.

ఆ సీజన్‌లో జట్టు మాడ్రిడ్‌లో టెన్నిస్ పోటీలు జరిగే కాహా మాహికా ప్రాంగణానికి మకాం మార్చింది. లూయిస్ పెరెజ్ సాలా పెత్తనం, పెద్రో డి లా రోసా అనుభవం, స్పెయిన్ జట్టు స్పెయిన్‌లోనే ఉండాలన్న పట్టుదల అన్నీ ఉన్నాయి. స్పెయిన్‌లో అప్పుడు లేనిది డబ్బు. బ్యాంకులే చేతులు చాస్తున్న ఆ ఏడాది ఫార్ములా వన్‌లో చివరి వరుస కారు మీద పేరు రాయించుకునే కంపెనీ ఎక్కడ దొరుకుతుంది? నవంబరుకు వచ్చేసరికి జట్టు అమ్మకానికి ఉందని థెసాన్ బయటికే చెప్పింది.

చివరి రేసు నవంబరు 25న బ్రెజిల్‌లో. వాన, పొడి, మళ్లీ వాన. ఛాంపియన్ ఎవరన్నది తేలే ఆ రోజు ముందు వరుసలో అన్నీ తలకిందులవుతుంటే, వెనక హెచ్ఆర్‌టీ కార్లు రెండూ ఎవరినీ తగలకుండా గీత దాటాయి. డి లా రోసా 17, నరేన్ 18. ఐదు రోజుల తర్వాత సమాఖ్య విడుదల చేసిన 2013 జట్ల జాబితాలో హెచ్ఆర్‌టీ పేరు లేదు. కొనేవాడు ఎవరూ రాలేదు. మూడేళ్లలో 58 సార్లు గ్రాండ్ ప్రీకి వచ్చి, 56 సార్లు రేసులో నిలబడి, ఒక్క పాయింటూ లేకుండా లెక్క ముగిసింది. అన్నిటికన్నా మంచి ఫలితం 2011లో కెనడాలో విటాంటోనియో లియుట్జీ తెచ్చిన 13వ స్థానం. తోటి కొత్త జట్లలో కేటర్‌హామ్ ఇంకో రెండేళ్లు, వర్జిన్ మరో రెండు పేర్లు మార్చుకుని 2016 దాకా లాగాయి.

నరేన్ తర్వాత జపాన్ వెళ్లి సూపర్ ఫార్ములాలో నడిపాడు. హెచ్ఆర్‌టీ కార్లు, స్పేర్లు, పనిముట్లు టెయో మార్టిన్ అనే స్పెయిన్ కంపెనీ కొనుక్కుంది. పాత కార్లు తెచ్చి, విప్పి, పనికొచ్చే భాగాలు వేరుచేసి అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం.